విలంబి ఏటి పిల్ల

పెనుకొండ అనగానే మన చారిత్రక నవలకు రాజులే గుర్తొస్తారు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ విడిచి ఇక్కడికి చేరిన తిరుమల రాయలు, గగన్ మహల్, కొండ మీది బురుజులు. నేనిప్పుడు పిల్లల కోసం రాస్తున్న నవలలో కొండా కోటా ఉన్నాయి గానీ రాజులు లేరు. కొండ కనబడే రాగిచేలో ఒక బోదకొట్టం ఉంది. అందులో పద్నాలుగేళ్ల నేతపిల్ల, ఆమె తల్లి, చంటి తమ్ముడు ఉన్నారు. కాలం 1898 చలికాలం. ఆ అంకె ఆ పిల్లకు తెలియదు. ఆమె లెక్కలో అది విలంబి నామ సంవత్సరం, ఎలుకలు రాలిన ఏడు.

ఈ కథ నన్ను పట్టుకున్నది 2020లో. ఆ ఏడు మార్చి 25న శార్వరి ఉగాది. దేశమంతా కరోనా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. ఏప్రిల్‌కల్లా హిందూపురం రెడ్ జోన్. వీధి మొదట్లో కర్రలు అడ్డం కట్టేశారు. ధర్మవరంలో మగ్గాల చప్పుడు ఆగింది. ఇంట్లో పెద్దవాళ్లు ప్లేగు మాట ఎత్తింది అప్పుడే. "మా జేజి కొట్టాల్లోనే పుట్టినాదంట. ఊరు ఊరే చేలల్లోకి పోయి ఉన్నారంట" అన్నాడు మా నాయన. అంతకుమించి ఆయనకూ తెలియదు. నాకు మాత్రం ఆ రెండు మాటలు చాలాకాలం నిద్ర పట్టనివ్వలేదు. ప్లేగు కాలంలో తెచ్చిన 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్నే 2020లోనూ మళ్లీ బయటికి తీశారు. చట్టం పేరు ఇన్నేళ్లు బతికింది. దాని కింద బతికిన పిల్లల కథ ఒక్కటీ మిగల్లేదే అనిపించింది.

బొంబాయిలో ప్లేగు బయటపడింది 1896లో. 1898 ఆగస్టుకు బెంగళూరు చేరింది. అటు బళ్లారి, ఇటు మైసూరు రాజ్యం, మధ్యలో మన సీమ. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు పోయే రైలు దారి అప్పటికి కొత్తది, 1890ల తొలినాళ్లలో పడింది. నా కథంతా ఆ పట్టాల వెంటే నడుస్తుంది. ధర్మవరం నేతగాడు పట్టు కోసం బెంగళూరు వైపు పోయి, తిరుగుదారిలో హిందూపురంలో చిక్కుకుపోతాడు. ప్లేగు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను మద్రాసు ప్రెసిడెన్సీలో స్టేషన్ దగ్గర ఆపి పరీక్ష చేసేవారు. పాస్‌పోర్టు అని ఒక చీటీ ఇచ్చేవారు. దిగిన చోట పది రోజులపాటు అధికారికి కనబడుతూ ఉండాలి. తండ్రి ఆ చీటీ పట్టుకుని ఒక ఊళ్లో, భార్యాపిల్లలు మేనమామ చేలో ఇంకో ఊళ్లో. నడుమ నలభై కిలోమీటర్లు కూడా లేవు.

చారిత్రక కథ రాసేవాళ్లకు అన్నిటికన్నా కష్టం, మనకు తెలిసింది పాత్రకు తెలియనివ్వకపోవడం. ప్లేగు క్రిమిని యెర్సిన్ 1894లో హాంకాంగ్‌లో కనిపెట్టాడు. ఎలుక మీది రక్తం పీల్చే పురుగు (ఫ్లీ) దాన్ని మనిషికి తెస్తుందని పాల్ లూయీ సిమాన్ కరాచీలో తేల్చింది సరిగ్గా 1898లో. కానీ పెద్దలు ఆయన మాట ఒప్పుకోవడానికి ఇంకో పదేళ్లు దగ్గర దగ్గర పట్టింది. మరి నా పిల్లకు ఎలా తెలుస్తుంది? తెలియకూడదు. ఆమెకు తెలిసిందల్లా ఇల్లాళ్లందరికీ తెలిసిందే: దూలం మీంచి ఎలుక తూలుతూ పడి చచ్చిందంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. సర్కారు మురుగు కాలువలు కడిగిస్తున్నప్పుడు, ఇళ్లకు సున్నం కొట్టిస్తున్నప్పుడు, ఊరి జనం చచ్చిన ఎలుకను చూసి ఊరే విడిచారు. వాళ్లు చేసిందే ఎక్కువ ప్రాణాలు నిలిపిందని నా నమ్మకం. ఎలుకకూ మనిషికీ మధ్య ఎడం పెంచడం కన్నా ఆ రోజుల్లో మందేముంది?

ఊరు విడవడం అందరికీ ఒకటి కాదు. రైతు చేలోకే పోతాడు, అక్కడ కోతకొచ్చిన రాగి ఉంటుంది. నేతగాడి బతుకు నేలలో పాతుకుని ఉంటుంది. గుంటమగ్గాన్ని నెత్తికెత్తుకుని పోలేరు. మగ్గం మీద సగం నేసిన చీర, దాని వెనక ఇంకా నేయాల్సిన పడుగు, సావుకారు అప్పు మీద ఇచ్చిన పట్టు, అన్నీ తాళం వేసిన ఇంట్లో ఉండిపోతాయి. బయట చచ్చిన ఎలుకలు, లోపల పట్టు కొరికే బతికిన ఎలుకలు. కొట్టంలో పడుకున్న ఆ పిల్ల రాత్రంతా దేనికి భయపడుతుంది? చావుకు భయపడుతుందని మొదటి అధ్యాయంలో రాశాను. అది నిజమే, కానీ పద్నాలుగేళ్ల పిల్లకు చావుకన్నా పడుగే ఎక్కువ కళ్లముందు ఉంటుంది. కండెలు చుట్టింది ఆమె చేతులే కదా.

పిల్లల కోసం రాసిన జబ్బుకాలపు నవలల్లో లారీ హాల్స్ ఆండర్సన్ రాసిన 'ఫీవర్ 1793' నాకు ఇష్టం. ఫిలడెల్ఫియాలో పచ్చజ్వరం వేలమందిని మింగిన ఏడాది కథ అది. అందులో మ్యాటీ అనే పద్నాలుగేళ్ల అమ్మాయి కుటుంబానికి ఒక కాఫీ హోటలు ఉంది. ఆమె నిలదొక్కుకోవడం కనబడేది ఆ హోటలు పనిలోనే. మన దగ్గర కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' కూడా అంతే. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ముసలికాపరి గుండె ధైర్యం గురించి మనకెవరూ ఉపన్యాసం ఇవ్వరు. అడవి గురించి, పందుల గురించి అతనికి తెలిసిందే అతని ధైర్యం. గురజాడ నుంచి నేర్చుకున్నంత శ్రద్ధగా ఈయన దగ్గరా కథ చెప్పడం నేర్చుకోవాలని పిల్లలకు రాసేవాళ్లందరికీ చెబుతుంటాను.

అయితే మ్యాటీ నుంచి నేను తీసుకోలేనిది ఒకటుంది. ఆ నవలలో చాలా దూరం ఆ పిల్లకు తల్లి తోడు లేదు, ఆ ఎడబాటులోనే ఆమె పెద్దదవుతుంది. నా పిల్లకు తల్లి పక్కనే ఉంది. ఆ తల్లి ఎవరు? 1898లో ముప్పై ఏళ్లు దాటిన ఆడది అంటే, ధాత కరువు నాటికి ఎనిమిది పదేళ్ల పిల్ల. 1876 నుంచి 1878 దాకా సీమను ఊడ్చేసిన ఆ కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడిన పిల్లల్లో ఒకతె. ఈ లెక్క వేసుకున్న రోజు నా నవల మారిపోయింది. ఏది తినొచ్చో, ఏ ఆకు ఉడికిస్తే చేదు పోతుందో, ఉన్న పిండిని ఎన్ని పూటలు లాగొచ్చో ఆ తల్లికి తెలుసు. ఎవరి ముందు ఏడవకూడదో కూడా తెలుసు. కూతురు దాన్ని కళ్లారా చూసి నేర్చుకుంటుంది. పిల్లల నిబ్బరం ఆకాశం నుంచి ఊడిపడదు, ఇంట్లో ఇంకొకరు ముందే ఖరీదు కట్టి ఉంటారు. మన చారిత్రక నవల కరువును ఒక పుస్తకంలో, ప్లేగును ఇంకో పుస్తకంలో పెడితే ఈ సంగతి ఎప్పటికీ కనబడదు.

సూది సంగతి ఒక్కటి చెప్పాలి. హాఫ్కిన్ 1897 జనవరిలో బొంబాయిలో తన టీకాను ముందు తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. ఆయన మీద నాకు అపారమైన గౌరవం. అయినా టీకాకు భయపడిన ఊరివాళ్లను మూఢులుగా రాయను. వాళ్ల భయం ఉత్తది కాదని తర్వాత తేలింది: 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. అంతకు ముందే పుణెలో ప్లేగు సోదాల పేరుతో సైనికులు ఇళ్లలోకి చొరబడ్డారు. పరాయి ప్రభుత్వం చేయి చాచితే జనం వెనక్కి జరగడానికి కారణాలున్నాయి. నా పిల్ల సూది వేయించుకుంటుందా లేదా అని అడిగిన ఒక మిత్రురాలికి, వేయించుకుంటుంది, కానీ తల్లి ముందు వేయించుకున్నాకే అని చెప్పాను.

ఎండలు ముదిరేసరికి జబ్బు తగ్గుతుంది. దక్కనులో ప్లేగు చలికాలం ప్రతాపం చూపి, వేసవికి నెమ్మదించేది. జనం ఇళ్లు పేడతో అలికి మళ్లీ చేరేవారు. నా కథలో తండ్రి తిరిగి రాడు. ఈ మాట విని కొందరు నొచ్చుకున్నారు, పిల్లల పుస్తకంలో అంత దుఃఖమెందుకని. పన్నెండేళ్ల వాళ్లు 2021లో అంతకన్నా ఎక్కువే చూశారు. వాళ్లను తక్కువ అంచనా వేయడం నాకిష్టం లేదు.

ఇప్పుడు రాస్తున్నది చివరి అధ్యాయం. తాళం తీసేసరికి పడుగులో చాలా పోగులు తెగి ఉన్నాయి. పట్టు బాకీ అలాగే ఉంది. పిల్ల, తల్లి కలిసి సావుకారు అరుగు దగ్గరికి పోతారు. బాకీ కొట్టేయమని అడగడం మొదటి ప్రతిలో రాసుకున్న మాట. దాన్ని తీసేశాను. తెగిన పోగులు అతికి ఈ చీర దింపుతాం, కూలిలో సగం పాత బాకీకి పట్టుకుని, ఇంకో చీరకు పట్టు ఇయ్యి మామా అని ఆ పిల్లే అడుగుతుంది. సావుకారు ఎన్ని షరతులు పెడతాడో, ఆమె వాటిలో ఎన్నింటికి ఒప్పుకోదో ఈ వారం రాయాలి.