సగటును ఎంతవరకు నమ్మవచ్చును?

పాఠశాలలు తెరచిన కొద్ది వారాలకే ఆటల జట్ల ఎంపిక మొదలవుతుంది. మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పంలో గాని వ్యాయామోపాధ్యాయునికి ఎదురయ్యే చిక్కు ఒకటే. పిల్లలు ఎక్కువ, రోజులు తక్కువ. రెండు మూడు ఆటలు ఆడించి, పరుగులు వ్రాసుకొని, సగటు కట్టి, పైనున్న వారిని ఉంచుకొని క్రింది వారిని పంపివేయడం వాడుక. సగటు ఒక అంకె కనుక దానికి పక్షపాతం ఉండదని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని గట్టిగా పరీక్షించిన వ్యాసమొకటి 1977 మే నెల 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో వెలువడింది. వ్రాసినవారు బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అనే సాంఖ్యక శాస్త్రజ్ఞులు. దాని గుణదోషాలను మన ఉపాధ్యాయుల కంటితో చూడడమే ఇక్కడి ఉద్దేశం.

వారు తీసుకున్న ఉదాహరణ బేస్‌బాల్. మనకు క్రికెట్ ఎటువంటిదో అమెరికా వారికి ఆ ఆట అటువంటిది. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి క్షేమంగా మొదటి మజిలీ చేరితే అది ఒక 'హిట్'. హిట్ల సంఖ్యను లెక్కకు వచ్చే అవకాశాల సంఖ్యతో భాగిస్తే బ్యాటింగ్ సగటు వస్తుంది. వంద అవకాశాల్లో ముప్ఫై హిట్లు కొడితే సగటు 0.300. అంత సాధించినవాడు గట్టి ఆటగాడే.

1970వ సంవత్సరపు ఆటల్లో పద్దెనిమిది మంది ఆటగాళ్ళ మొదటి 45 అవకాశాలను వ్యాసకర్తలు తీసుకున్నారు. రాబర్టో క్లెమెంటే 18 హిట్లు కొట్టి 0.400తో అందరికంటె పైన ఉన్నాడు. మాక్స్ ఆల్విస్ 7 హిట్లతో 0.156 వద్ద అట్టడుగున ఉన్నాడు. పద్దెనిమిది మందికీ కలిపి సగటు 0.265. ఈ అంకెలను బట్టి, మిగిలిన ఏడాదిలో ఎవరు ఎట్లా ఆడతారో చెప్పగలమా?

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. నిజమైన సామర్థ్యం 0.265 గల ఆటగాడు 45 అవకాశాల్లో సుమారు 12 హిట్లు కొట్టాలి. ఐతే కేవలం అదృష్టం వల్లనే ఆ సంఖ్య 9కి దిగవచ్చును, 15కి ఎక్కవచ్చును. ఇది ఏ నేర్పుతోను సంబంధం లేని ఊగిసలాట. కాబట్టి జాబితాలో పైనున్నవాని అంకెలో నేర్పుతోబాటు కొంత కలిసివచ్చిన అదృష్టం ఉంటుంది. క్రిందివాని అంకెలో కొంత దురదృష్టం ఉంటుంది. ఏడాది సాగేకొద్దీ ఆ రెండూ కరిగిపోతాయి. మిగిలిన ఏడాదిలో క్లెమెంటే సగటు 0.346కు దిగింది. ఆల్విస్ సగటు 0.200కు ఎక్కింది.

కనుక వ్యాసకర్తలు చెప్పిన ఉపాయం ఇది: ప్రతి ఆటగాని అంకెనూ మొత్తం సగటు వైపు జరపాలి. ఎంత జరపాలన్నది అంకెలే చెబుతాయి. ఇక్కడ మొత్తం సగటు నుండి ఉన్న దూరంలో 0.212 వంతు మాత్రమే నిలుపుకోవాలని తేలింది. క్లెమెంటే దూరం 0.135. దానిలో 0.212 వంతు 0.029. దీనిని 0.265కు కలిపితే 0.294. ఆల్విస్‌కు ఇదే విధంగా 0.242 వస్తుంది. పద్దెనిమిది మంది విషయంలోను దోషాలను వర్గించి కూడితే, మామూలు సగటుకు 0.077, జరిపిన అంచనాకు 0.022 వచ్చింది. అంటే దోషం మూడున్నర రెట్లు తగ్గిందన్నమాట.

ఈ ఫలితానికి పునాది వేసినవాడు చార్లెస్ స్టైన్. మూడు గాని అంతకు మించి గాని సగటులను ఒకేసారి అంచనా వేయవలసి వచ్చినప్పుడు, విడివిడి సగటుల కంటె మేలైన పద్ధతి ఉన్నదని 1956లో ఆయన నిరూపించాడు. 1961లో విల్లార్డ్ జేమ్స్‌తో కలిసి ఆ సూత్రాన్ని ఇచ్చాడు. అంతకు ముందు 1945లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు, పక్షపాతం లేని అంచనాలో దోషం ఒక హద్దు కంటె తగ్గదని చూపారు. స్టైన్ మార్గం వేరు. కొద్దిపాటి పక్షపాతాన్ని తెలిసి ఒప్పుకుంటే మొత్తం దోషాన్ని తగ్గించవచ్చునని ఆయన చూపాడు.

వ్యాసపు మొదటి గుణం నిజాయితీ. అంచనా ముందు వేసి, ఏడాది ముగిసిన తరువాతి అంకెలతో దానిని సరిచూశారు. రెండవ గుణం, విషయం మన అనుభవానికి దగ్గరగా ఉండడం. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టులో కిలో టమోటా ధర రెండువందల రూపాయలకు చేరువయింది. సెప్టెంబరు నాటికి బాగా పడిపోయింది. మంచి వారాన్ని చూసి పంట వేసిన రైతుకూ, మంచి ఆటను చూసి జట్టు కట్టిన ఉపాధ్యాయునికీ జరిగేది ఒకే పొరపాటు.

ఇక లోపాలు. ఈ సూత్రానికి క్లెమెంటే ఎవరో తెలియదు. అప్పటికే ఆయన 1961, 1964, 1965, 1967 సంవత్సరాల్లో తన లీగులో బ్యాటింగ్ సగటులో ప్రథముడు. సూత్రానికి తెలిసినవి ఆ 45 అవకాశాలే. అందుచేత 0.294 అని తక్కువ కట్టింది. పుంగనూరు పొట్టి ఆవును కొనబోయే రైతు ఒక పూట పాలు చూసి బేరం ముగించడు. ఎన్నో ఈత, తల్లి ఎంత పాలిచ్చేది అని అడుగుతాడు. వెనుకటి చరిత్ర తెలిసి ఉండగా దానిని ప్రక్కన పెట్టడం శాస్త్రీయత కాదు.

రెండవది, ఏ సమూహపు సగటు వైపు జరపాలి? బ్యాటింగ్ సగటులతోబాటు షికాగోలోని విదేశీ కార్ల నిష్పత్తిని కలిపితే ఏమవుతుందన్న ప్రశ్నను వ్యాసకర్తలే ఎత్తారు. గణితం దానిని ఆపదు, ఇంగితం ఆపుతుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న కుప్పంలో చాప పరచిన పిచ్‌పై ఆడిన పిల్లలూ, ఊరి బయట మట్టినేలపై ఆడిన పిల్లలూ ఒకే ఎంపికకు వచ్చారనుకోండి. వారిని ఒకే గుంపుగా ఎంచాలా, రెండుగానా? ఇది ఉపాధ్యాయుడు తేల్చవలసిన మాట.

మూడవ లోపం మనకు అన్నిటికంటె ముఖ్యం. అందరికీ సమానంగా 45 అవకాశాలే ఉంటే, అంకెలను ఎంత జరిపినా వరుస మారదు. మొదటివాడు మొదటివాడే, చివరివాడు చివరివాడే. మరి ఎంపికకు దీని ప్రయోజనమేమి? రెండున్నవి. ఒకటి, అవకాశాలు అసమానమైనప్పుడు వరుస మారుతుంది. ఒక పిల్లవాడు 10 అవకాశాల్లో 4 హిట్లు కొట్టాడనుకుందాం. అతని సగటు 0.400. మరొకడు 100లో 33 కొట్టాడనుకుందాం. అతని సగటు 0.330. ఇద్దరికీ జట్టు సగటుగా 100 అవకాశాలు, 26 హిట్లు కలిపితే మొదటివానికి 110లో 30, అంటే 0.273. రెండవవానికి 200లో 59, అంటే 0.295. ఈ లెక్కను ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడా వేయగలడు. రెండవ ప్రయోజనం, అంకెల మధ్య కనిపించే దూరం ఎంత పలుచనిదో తెలియడం. క్లెమెంటేకూ ఆల్విస్‌కూ మధ్య కనిపించిన తేడా 0.244. సూత్రం ఒప్పుకున్నది 0.052 మాత్రమే. అసలు తేడా 0.146గా తేలిందన్న మాట నిజమే. ఐనా మొదట కనిపించినంత తేడా ఎక్కడా లేదు.

పెద్ద క్లబ్బులకు మొత్తం దోషం తగ్గితే చాలు. పద్దెనిమిది మందిలో ఒకరి విషయంలో పొరబడినా మిగిలిన పదిహేడుగురి వల్ల నష్టం తీరుతుంది. బడిలో అట్లా కాదు. రెండు ఆటల్లో తడబడి ఇంటికి వెళ్ళిన పిల్లవాడు మరుసటి ఏడు మైదానానికి రాకపోవచ్చును. ఆ నష్టం ఏ వర్గాల మొత్తంలోను కనిపించదు.

కాబట్టి ఆటల పుస్తకంలో పరుగుల ప్రక్కన అవకాశాల సంఖ్యను కూడా వ్రాయాలి. నిరుటి పుస్తకాన్ని పారవేయరాదు. జాబితా మధ్యలో ఒకరికొకరు దగ్గరగా ఉన్న పిల్లలకు మరి రెండు ఆటలు ఇవ్వాలి. ఏడాది ముగిసిన తరువాత జూలైలో వేసిన అంచనాను మార్చి అంకెలతో సరిచూసి, ఎక్కడ పొరబడినారో లెక్కల తరగతిలో పిల్లల చేతనే కట్టించాలి.