చవక విద్యుత్కారు ఎవరికి చవక?

పెట్రోలు ధర పెరిగినపుడెల్ల విద్యుత్కారులను గూర్చిన ప్రశంస కూడ పెరుగుచుండును. ఆ కారుల ప్రకటనలలో రెండు అంకెలు పెద్ద అక్షరములలో కనిపించును. ఒకటి ధర; రెండవది ఒకమారు చార్జి చేసినచో కారు ఎన్ని కిలోమీటర్లు నడచునను లెక్క. ఈ రెండు అంకెలును అబద్ధములు కావు. కాని పల్నాటిలోని దుర్గి నుండి గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిపోవు రైతునకు గాని, అద్దంకిలో కాపురముండి ఒంగోలులో కొలువు చేయు గుమాస్తాకు గాని వీటివలన తెలియునది బహు స్వల్పము. నల్లరేగడి భూములను నమ్ముకొన్న కుటుంబము కారు కొనుట యనగా కొన్నియేండ్ల మిరప, ప్రత్తి రాబడిని ముందుగానే తాకట్టు పెట్టుట. కనుక ఆ అంకెలను మన దారులపై, మన ఎండలో, మన కరెంటు మీటరు వద్ద నిలబెట్టి చూచుట అవసరము.

పరిశీలనకు ఒక కారును తీసికొందము. టాటా కంపెనీవారు 2022 సెప్టెంబరులో టియాగో విద్యుత్కారును 8 లక్షల 49 వేల రూపాయల తొలి ధరతో ప్రకటించిరి. నాడు మన దేశములో అమ్మకమునకున్న నాలుగు తలుపుల విద్యుత్కార్లలో అది చవకైనది. దీనిలో 19.2 యూనిట్ల బ్యాటరీ గలది యొకటి, 24 యూనిట్లది మరియొకటి. పెద్ద బ్యాటరీ గలదానికి 315 కిలోమీటర్లని నాడు ప్రకటించిరి. ఇచ్చట యూనిట్ అనగా మన ఇంటి మీటరులో తిరుగు యూనిటే.

బ్యాటరీలో ఉన్నదెంత?

ఒక లీటరు పెట్రోలును మండించినచో సుమారు 9 యూనిట్ల శక్తి వెలువడును. అనగా 24 యూనిట్ల బ్యాటరీలో దాగియున్న శక్తి మూడు లీటర్ల పెట్రోలులో ఉన్నదానికంటె ఎక్కువ కాదు! అయినను అది కారును రెండువందల కిలోమీటర్లు లాగగలుగుచున్నది. కారణము సులభము. పెట్రోలు ఇంజను తనకు లభించిన శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగా గాలిలో కలిపివేయును. విద్యుత్ మోటారు నూటికి 85 పాళ్ళకు మించి చక్రములకు అందించును. బ్రేకు వేసినపుడు మోటారే డైనమోగా మారి కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోనికి పంపును.

కాబట్టి విద్యుత్కారు పొదుపరి. కాని దాని జోలె చిన్నది. ఈ చిన్న జోలెయే దాని చరిత్ర నంతటిని నడిపినది. ప్లాంటే 1859లో కనుగొన్న సీసపు బ్యాటరీతో పందొమ్మిదవ శతాబ్ది చివరనే విద్యుత్ బండ్లు పాశ్చాత్య నగరములలో తిరిగినవి. 1912లో కాడిలాక్ కారుకు మీటతో ఇంజనును లేపు పద్ధతి వచ్చుటతో పెట్రోలు కారుది పైచేయి అయినది. మన దేశమున 2001లో బెంగుళూరు నుండి వెలువడిన రేవా కారు కూడ సీసపు బ్యాటరీలతోనే నడచినది. ఒక చార్జికి సుమారు 80 కిలోమీటర్లు పోయెడిది. అంతే బరువులో సీసముకంటె మూడు నాలుగు రెట్ల శక్తిని ఇముడ్చుకొను లిథియం బ్యాటరీ వచ్చిన తరువాతనే ఈ బండి ఊరు దాటగలిగినది. ఆ బ్యాటరీకి పునాది వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించినది.

పరీక్షశాల దారి, పల్నాటి దారి

ప్రకటించిన 315 కిలోమీటర్లను 24 చేత భాగించినచో యూనిట్‌కు 13 కిలోమీటర్లు వచ్చును. వాడుకలో 8 కిలోమీటర్లు, అనగా మొత్తము మీద రెండువందలకు కాస్త అటో ఇటో, అనుకొనుట క్షేమము. ఇంత తేడా ఏల? పరీక్షలో కారు దారిమీద నడువదు. చక్రములు రోలర్లపై తిరుగును. వేగము గంటకు 90 కిలోమీటర్లు దాటదు. సగటు వేగము అందులో సగము కూడ ఉండదు. ఎదురుగాలి లేదు, ఎండ లేదు, చల్లదనపు యంత్రము నడువదు.

మనకు ఈ మూడును ఉన్నవి. గాలి నిరోధము వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున ఉన్న నిరోధము 100 వద్ద నాలుగు రెట్లగును. చిలకలూరిపేట మీదుగా ఒంగోలు పోవు జాతీయ రహదారిపై లారీలను దాటుకొని పోవువాడు ఈ సుంకము చెల్లింపక తప్పదు. ఇక రెంటచింతల ఎండలు రాష్ట్రమునకంతకు తెలిసినవే; వేసవిలో 45 డిగ్రీలు దాటుట అచ్చట వింత కాదు. చల్లదనపు యంత్రము గంటకు ఒక యూనిట్ నుండి ఒకటిన్నర యూనిట్ల వరకు తినును. గతుకుల దారిలో గంటకు 30 కిలోమీటర్ల చొప్పున పోవు కారుకు కదలుటకే నాలుగు యూనిట్లకు లోపు చాలునన్న సంగతి గుర్తుంచుకొన్నచో, చల్లగాలికి ఎంత భాగము పోవునో తెలియును.

ఎండ వలన మరియొక నష్టము కలదు. లిథియం బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదగును. నిండా చార్జి చేసి ఎండలో నిలిపినచో మరింత త్వరగా. వేపచెట్టు నీడ ఈ కారుకు సౌకర్యము కాదు, ఆయుష్షు.

దుర్గి నుండి గుంటూరు ఇంచుమించు నూరు కిలోమీటర్లు. పోయి రావలెనన్న రెండువందలు. పెద్ద బ్యాటరీ సత్తా సరిగా అచ్చటికే చాలును, మిగులు లేదు. చిన్న బ్యాటరీకి అదియు లేదు. జాతీయ రహదారి వెంట చార్జి కేంద్రములు ఉన్నంతగా లోపలి పల్లెదారుల వెంట లేవు. పగటిపూట యార్డులో బేరము కుదురువరకు కారును ఎచ్చటనైన చార్జికి పెట్టగలిగినచో ఈ చిక్కు తీరును. లేనిచో సాయంకాలము బ్యాటరీ అంకెను చూచుకొనుచు ఇల్లు చేరవలెను. అన్నిటికంటె కష్టమైనది అర్ధరాత్రి అవసరము. పగలు గుంటూరు పోయివచ్చిన నాటి రాత్రియే ఇంట ఎవరికైన జబ్బు చేసినచో, ఆస్పత్రికి మరల నూరు కిలోమీటర్లు. ఇంటి 15 ఆంపియర్ల సాకెట్టు వద్ద నిండుటకు ఎనిమిది తొమ్మిది గంటలు పట్టును. ఇంటిలో ఇదొక్కటే బండి అయినచో ఈ లోపమును చిన్నదిగా ఎంచరాదు.

మీటరు లెక్క, వడ్డీ లెక్క

ఇప్పుడు డబ్బు సంగతి. పెట్రోలు లీటరు 110 రూపాయలు, చిన్న కారు లీటరుకు 16 కిలోమీటర్లు అనుకొన్నచో కిలోమీటరుకు సుమారు 6 రూపాయల 90 పైసలు. విద్యుత్కారు రెండువందల కిలోమీటర్లకు, చార్జిలో పోవు నష్టముతో కలిపి, మీటరుపై సుమారు 27 యూనిట్లు త్రిప్పును. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన గృహ రేట్ల ప్రకారము నెలకు 225 యూనిట్లు దాటిన పిమ్మట యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటిన 9 రూపాయల 75 పైసలు. ఇల్లు తక్కువ రేటు యూనిట్లను వాడుకొన్న తరువాత కారుకు మిగులునవి ఈ ఖరీదైనవే. యూనిట్ 10 రూపాయలనుకొన్నను కిలోమీటరుకు 1 రూపాయి 40 పైసలు మించదు. కిలోమీటరుకు మిగులు అయిదున్నర రూపాయలు! ఇది నిజముగా గొప్ప మిగులు. అయితే పొలము మోటార్లకు ఇచ్చు ఉచిత విద్యుత్తును కారుకు మళ్ళించి ఈ లెక్క ఇంకను తగ్గింపజూచుట ధర్మము కాదు, చట్టమును ఒప్పదు.

పోతే, అదే సౌకర్యములు గల పెట్రోలు కారుకంటె విద్యుత్కారుకు సుమారు మూడు లక్షలు అదనము. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్లపై పన్ను నూటికి 18కి దిగుటతో ఈ తేడా తగ్గుటకు బదులు పెరుగుటకే వీలున్నది. విద్యుత్కారుపై పన్ను అప్పటికే అయిదు.

అద్దంకి గుమాస్తా రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున నెలకు రెండువేలు, ఏడాదికి 24 వేల కిలోమీటర్లు తిరుగును. అతనికి మిగులు సంవత్సరమునకు 1 లక్ష 32 వేలు. రాత్రి నాలుగు గంటలు చార్జి చేసినచో మరునాటికి చాలును. రెండేండ్ల నాలుగు మాసములలో అదనపు ధర తీరిపోవును.

దుర్గి రైతు నెలకు రెండుమార్లు గుంటూరు, చుట్టుపట్ల కొంత, మొత్తము 500 కిలోమీటర్లు తిరుగును. అతని మిగులు సంవత్సరమునకు 33 వేలు. అసలు తీరుటకే తొమ్మిదేండ్లు. బ్యాటరీకి కంపెనీ ఇచ్చు హామీ ఎనిమిదేండ్లు లేదా 1 లక్ష 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైన అది. అనగా లాభము మొదలగుటకు ముందే హామీ ముగియును. ఆ మూడు లక్షలు నూటికి రూపాయి వడ్డీకి తెచ్చినవైనచో ఏటికి వడ్డీయే 36 వేలు. మిగులుకంటె వడ్డీ ఎక్కువ! నూనె మార్పిడి, ఇంజను మరమ్మతులు తప్పుట వలన కొంత ఆదా కలదు గాని ఈ గుంటను పూడ్చునంత కాదు.

ఇదియే అసలు విషయము. విద్యుత్కారు కొనునపుడు ఖరీదైనది, నడుపునపుడు చవకైనది. కనుక ఎక్కువ నడుపువానికి అది చవక; తక్కువ నడుపువానికి, అతడు ఎంత బీదవాడైన, అది ఖరీదే. “సామాన్యుని కారు” అను ప్రకటన ఈ భేదమును మరుగుపరచుచున్నది.

దీనికి నిదర్శనములు మన రాష్ట్రములోనే కలవు. 2022లో తిరుపతి, తిరుమలల నడుమ ఆర్టీసీ విద్యుత్ బస్సులు మొదలైనవి. దారి తెలిసినది, దూరము తెలిసినది, డిపోలో చార్జి సిద్ధము, బండికి తీరిక లేదు. విద్యుత్ బండికి అనువైన చోటు అట్టిది. మన పట్టణములలో విద్యుత్ ఆటోలు ముందుగా నిలద్రొక్కుకొనుటకును ఇదియే కారణము.

ధరను తగ్గించి చూపు మరియొక పద్ధతి 2024లో వచ్చినది. ఎం.జి. కంపెనీవారు కామెట్ అను చిన్న కారును 4 లక్షల 99 వేలకు ఇచ్చి, బ్యాటరీకి కిలోమీటరుకు రెండున్నర రూపాయల అద్దె పెట్టిరి. తక్కువ తిరుగువానికి ఇది మేలుగా తోచును. కాని ఒప్పందములో నెలకు కనీసము ఇన్ని కిలోమీటర్లకు చెల్లింపవలెనను షరతు ఉన్నదేమో చదువక సంతకము చేయరాదు.

కావలసినవి

కార్ల ధర తగ్గువరకు చేతులు ముడుచుకొని ఉండనక్కరలేదు. గుంటూరు చుట్టును మిర్చి నిలువచేయు శీతల గిడ్డంగులు అనేకము కలవు. పల్నాటిలో, ప్రకాశములో ప్రత్తి జిన్నింగు మిల్లులు కలవు. వీటన్నిటికి మూడు ఫేజుల కరెంటు, సొంత ట్రాన్స్‌ఫార్మర్లు ముందే ఉన్నవి. రైతు కారు సహజముగా గంటలకొలది నిలుచునది వీటి ముంగిటనే. చార్జి కేంద్రములను పెట్రోలు బంకుల వద్దనేగాక ఇచ్చట పెట్టినచో తక్కువ వ్యయముతో ఎక్కువ ప్రయోజనము కలుగును. తయారీదారులు సైతము పరీక్షశాల అంకె ప్రక్కన, 40 డిగ్రీల ఎండలో చల్లదనపు యంత్రము నడుచుచుండగా కారు ఎంత దూరము పోవునో అచ్చువేయవలెను.

అంతవరకు కొనదలచినవారు దుకాణమునకు పోవుటకు ముందు మూడు మాసములు తాము తిరిగిన కిలోమీటర్లను ఒక పుస్తకములో వ్రాసికొందురుగాక. నెలకు పదిహేనువందలు దాటి, ఇంట చార్జికి చోటుండి, అవసరమునకు వేరొక బండి దొరకునట్లయినచో విద్యుత్కారు వారికి మంచి కొనుగోలే. దానికి చాల తక్కువైనచో, అప్పు చేసి ఆ మూడు లక్షలు అధికముగా పెట్టుటకంటె, వాటిని వచ్చే పంటకు మిగుల్చుకొనుట మేలు.