అయిదవ ఎలక్ట్రాను ఎక్కడికి పోతుంది? ఒక పాఠంపై విమర్శ

అర్ధవాహకాలను గూర్చిన పాఠంలో ఒక బొమ్మ దాదాపు తప్పక కనిపిస్తుంది. చదరంగపు బల్లవలె గళ్లు గీసి, గడికొక సిలికాన్ పరమాణువును నిలిపి, నడుమ ఒక ఫాస్ఫరస్ పరమాణువును చేర్చుతారు. సిలికాను బాహ్యకక్ష్యలో నాలుగు ఎలక్ట్రానులు, ఫాస్ఫరసుకు అయిదు. నాలుగు బంధాలలో చిక్కుకొంటాయి. అయిదవది మిగిలిపోయి స్ఫటికమంతటా తిరుగాడుతుంది. దీనినే మాదీకరణం, లేక డోపింగ్, అంటున్నాము. బొమ్మ ముచ్చటగా ఉన్నది. పరీక్షలో రెండు నిమిషాలలో గీయవచ్చును. నేనూ ఏటేటా నల్లబల్లమీద దానినే గీస్తున్నాను.

ఈ బొమ్మ అబద్ధమనడం నా ఉద్దేశం కాదు. లోపం లేని ఏకస్ఫటికానికి అది చక్కగా నప్పుతుంది. ఘన సెంటీమీటరు సిలికానులో సుమారు 5×10²² పరమాణువులున్నవి. గది ఉష్ణోగ్రతవద్ద స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రానులు మాత్రం సుమారు 10¹⁰. పది లక్షల సిలికాన్ పరమాణువులకు ఒక ఫాస్ఫరస్ చొప్పున చేర్చితే ఆ సంఖ్య 5×10¹⁶ అవుతుంది. అంటే యాభై లక్షల రెట్లు! అయిదవ ఎలక్ట్రానును విడిపించడానికి 0.045 ఎలక్ట్రాన్ వోల్టు చాలును. బంధంలో ఉన్నదానిని విడిపించాలంటే 1.1 కావలె. ఈ రెండంకెలను పక్కపక్కన వ్రాసి చూపిన పాఠాలు నాకు అరుదుగా కనిపించినవి. అవి లేకపోతే బొమ్మ వట్టి కథ.

ఒక విద్యార్థి నన్ను, "మాలిన్యం చేరడమే మంచిదైతే, ముందు సిలికానును అంతగా శుద్ధి చేయడం దేనికండీ?" అని అడిగినాడు. మన పుస్తకాలు వాడే 'మాలిన్యం' అనే మాట తెచ్చిన చిక్కు ఇది. మనం కోరి చేర్చేది పది లక్షలలో ఒకటి. కోరకుండా చేరినవి అంతకంటె చాలా తక్కువగా లేకపోతే, మనం చేర్చినదానికి విలువ ఉండదు.

నా అసలు అభ్యంతరం వేరు. గాజుపలకమీద మైక్రోమీటరు మందమో, అంతకన్న తక్కువో ఉండేటట్లు పరచిన అర్ధవాహకపు పొరలతో సౌరఘటాలూ, టెలివిజన్ తెరలూ తయారవుతున్నవి. ఆ పొరలు తరచు ఏకస్ఫటికాలు కావు. వాటిని గూర్చి చెప్పేటప్పుడుకూడ మనం గళ్ల బొమ్మనే చూపితే విద్యార్థిని తప్పుదారి పట్టించినట్లే.

బహుస్ఫటిక పొరను తీసుకొందాము. చిన్న చిన్న స్ఫటికరేణువులు ఒకదానినొకటి ఒరసుకొని ఉంటవి. వాటి సరిహద్దులలో బంధాలు సరిగా కుదరవు; విద్యుత్తును మోసే కణాలు అక్కడ చిక్కుకొంటవి. బీటలు వారిన పొలానికి నీరు పెట్టిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు: మొదటి నీరంతా బీటలకే. పైగా చిక్కిన ఆవేశం తక్కిన కణాలకు అడ్డుగోడ అవుతుంది. సెటో అనే శాస్త్రజ్ఞుడు 1975లో బోరాన్ చేర్చిన సిలికాన్ పొరలను కొలిచి, కణాల చలనశీలత మొదట పడిపోయి, ఘన సెంటీమీటరుకు సుమారు 10¹⁸ బోరాన్ పరమాణువులవద్ద కనిష్ఠమై, ఆపైన మళ్లీ పెరిగినట్లు చూపినాడు. "ఎంత కలిపితే అంత వాహకత" అనే సూత్రం ఇక్కడ నిలువదు.

అస్ఫటిక సిలికాన్ కథ ఇంకా రసవత్తరం. ఆవిరినుండి పేర్చిన పొరలో తెగిన బంధాలు కొల్లలు. ఫాస్ఫరస్ ఇచ్చిన ఎలక్ట్రానును అవే మింగివేస్తవి. అందుచేత ఇటువంటి పదార్థానికి డోపింగ్ పనికిరాదనే అభిప్రాయం బలంగా ఉండేది. 1975లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయంలో స్పియర్, లెకోంబర్ అనేవారు సిలేన్ వాయువును విద్యుదుత్సర్గంతో విడగొట్టి, దానితో కొద్దిగా ఫాస్ఫీనునో డైబోరేనునో కలిపి పొరలు చేసినారు. వాహకత సుమారు వెయ్యికోట్ల రెట్ల మేర వారి అదుపులోకి వచ్చినది! సిలేనునుండి పొరలో మిగిలిన హైడ్రోజన్ తెగిన బంధాలను మూసివేసినందువల్లనే ఇది సాధ్యమైనది. మరుసటి ఏడే కార్ల్‌సన్, రాన్‌స్కీలు ఈ పదార్థంతో సౌరఘటం ప్రకటించినారు.

అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. క్రమంలేని అల్లికలో ఫాస్ఫరసును నాలుగు బంధాలకు బలవంతపెట్టే గడి లేదు. చాలా పరమాణువులు మూడు బంధాలతోనే స్థిరపడి, ఇవ్వడానికి ఎలక్ట్రాను లేకుండ ఉండిపోతవి. ఎలక్ట్రానునిచ్చే కొద్దిపాటివీ తమతోపాటు కొత్త తెగిన బంధాలను తెచ్చిపెడతవి. వెలుతురు పుట్టించిన కణాలు ఆ లోపాలవద్దనే నశిస్తవి. అందుకే ఈ సౌరఘటాలలో వెలుతురును గ్రహించే నడిమి పొరకు డోపింగ్ చేయరు. దానికి అటూ ఇటూ ఉన్న బహుపలుచని పొరలకు మాత్రమే చేస్తారు.

ఈ సంగతంతా పాఠంలో చేర్చమని నేననను. గంటకు అంత వ్యవధి లేదు. గళ్ల బొమ్మ పక్కనే గళ్లు లేని బొమ్మ ఒకటి గీసి, అయిదవ ఎలక్ట్రాను ఎటు పోతుందని అడగవచ్చును. నేను ఒకసారి అట్లా అడిగినప్పుడు వెనుకబెంచీ కుర్రవాడొకడు లేచి, "ఫాస్ఫీనులో ఫాస్ఫరసుకు మూడు బంధాలే కదండీ, ఇక్కడా మూడు చాలవా?" అన్నాడు.