తాళం వేసిన గదిలో మొదటి పాఠం

1986 మే 27న జపాన్‌లో విడుదలైన డ్రాగన్ క్వెస్ట్ అనే వీడియో గేమ్ రాజుగారి కొలువులో మొదలవుతుంది. రాజు చెప్పాల్సింది చెప్పేశాక చూస్తే తలుపుకు తాళం వేసి ఉంటుంది. గదిలో పెట్టెలుంటాయి. ఒకదాంట్లో డబ్బు, ఒకదాంట్లో కాగడా, ఇంకోదాంట్లో తాళంచెవి. తలుపు దాటితే మెట్లు. మనిషితో మాట్లాడటం, పెట్టె తెరవడం, తాళం తీయడం, మెట్లు దిగడం. యుద్ధం మినహా ఆ ఆటలో చేయాల్సిన పనులు దాదాపు అన్నీ ఆ గది దాటేలోపే చేతికి అలవాటైపోతాయి. పాఠం చెబుతున్నట్టు ఎవరూ చెప్పరు. కోట బయట కాలు పెట్టి కాస్త నడిస్తే, నీళ్లకు అవతల ఇంకో కోట కనిపిస్తుంది. అది శత్రువుది. చేరాల్సింది అక్కడికే. కంటికి ఆనుతున్నా దారి ఉండదు, లోకమంతా చుట్టి రావాలి.

దీని రచయిత యూజీ హోరీ. పత్రికల్లో రాసేవాడు. 1983లో పోర్టోపియా అనే హత్యా పరిశోధన గేమ్ చేశాడు. అమెరికా కంప్యూటర్లలో ఆడే అల్టిమా, విజార్డ్రీ అంటే అతనికి ప్రాణం. వాటిని ఆడాలంటే ఓపిక, తీరిక, ఒక కంప్యూటర్ కావాలి. హోరీ ఒకదాని నుంచి పైనుంచి చూసే మ్యాప్‌ను, రెండోదాని నుంచి శత్రువు ఎదురుగా నిలబడితే వంతులవారీగా పోరాడే పద్ధతిని తీసుకుని, ఇంట్లో టీవీకి తగిలించే ఫ్యామికామ్‌లో పిల్లలు సైతం ఆడగలిగేలా కూర్చాడు. ప్రోగ్రామింగ్ కోయిచీ నకమురాది. సంగీతం అప్పటికే యాభై దాటిన కోయిచీ సుగియామాది. బొమ్మలు డ్రాగన్ బాల్ కామిక్స్ గీసిన అకిరా తోరియామావి. హోరీ స్లైమ్ అనే రాక్షసిని జిగురుకుప్పలా గీసి ఇస్తే, తోరియామా దాన్ని నవ్వు మొహం పెట్టిన నీటిబొట్టుగా మార్చాడు. ఇంత హంగూ ఇమిడింది 64 కిలోబైట్లలో.

ఈ వరసలో 11వ భాగం 2017 జులై 29న వచ్చింది. తొలి ఆటకు, దీనికి మధ్య ముప్పై ఏళ్లు దాటాయి. వంతులవారీ యుద్ధం అలాగే ఉంది. స్లైమ్ అలాగే నవ్వుతోంది. ఆటను మనమే సేవ్ చేయాలంటే, పలు పాత భాగాల్లోలాగే, చర్చిలో పూజారి దగ్గరికి వెళ్లాలి, లేదా దారిలో విడిది వేసిన చోట దేవత విగ్రహం ముందు నిలబడాలి. కథానాయకుడు ఇప్పటికీ నోరు విప్పడు. మొదట్లో మోగే బాణీ కూడా అదే. ఇది పాతచింతకాయ పచ్చడి అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పద్యనాటకానికి వెళ్లేవాడికి రాయబారం ఏమవుతుందో తెలుసు. అయినా వెళ్తాడు, ఈ నటుడు ఆ రాగం ఎక్కడ విరుస్తాడో వినడానికి. డ్రాగన్ క్వెస్ట్‌లో మారని భాగమంతా అలాంటిదే. అది స్థిరంగా ఉంది కాబట్టే దానిలో ఎక్కడ చిన్న మార్పు చేసినా ఆడేవాడికి తగులుతుంది.

లెక్కల్లో కూడా ఈ పనితనం కనిపిస్తుంది. కొత్త ఊరికి చేరగానే ఆయుధాల దుకాణంలో ఒక కత్తి ఉంటుంది. దాని ధర మన సంచిలో ఉన్నదానికంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే. ఇంకో నాలుగు యుద్ధాలు చేస్తే కొనొచ్చు. ఆ నాలుగు చేసేసరికి లెవెల్ పెరుగుతుంది, ఆ చుట్టుపక్కల ఏ రాక్షసి ఏం చేస్తుందో కూడా తెలిసిపోతుంది. తొలి ఆటలో వంతెన దాటితే రాక్షసులు బలపడతారు. ఎక్కడా హెచ్చరిక బోర్డు ఉండదు. రెండు దెబ్బలు తిన్నాక మనమే వెనక్కి తిరుగుతాం. చనిపోతే సగం డబ్బు పోతుంది, సంపాదించిన అనుభవం మాత్రం పోదు. శిక్ష పడిందన్న బాధ ఉంటుంది కానీ, పడ్డ శ్రమ వృథా కాదు. ఇంత దయగల నియమం మరో ఆటలో నాకు కనిపించలేదు.

మెటల్ స్లైమ్ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. దాన్ని చంపితే వచ్చే అనుభవం మామూలు రాక్షసులతో పోలిస్తే ఎన్నో రెట్లు. దాని ప్రాణం నాలుగైదు పాయింట్లే, కానీ ఎంత గట్టిగా కొట్టినా సాధారణంగా ఒక పాయింటే తగ్గుతుంది, ఒక్కోసారి అదీ లేదు. పైగా అది ఏ క్షణాన్నైనా పారిపోతుంది. ముగ్గురు కొట్టారు, ఇంకొక్క పాయింట్ మిగిలింది, నాలుగోవాడి వంతు. ఇంతలో అది జారుకుంది. తెర మీద నాలుగు అక్షరాలు, ఒక అంకె తప్ప ఏమీ లేదు. గుండె మాత్రం దడదడలాడుతుంది.

ఇప్పుడు 11వ భాగంలో నన్ను కదిలించిన ఘట్టం. ఆడబోయేవాళ్లు ఈ ఒక్క పేరా దాటేయండి. నాయకుడి బృందంలో వెరోనికా, సెరీనా కవలలు. అక్క నిప్పులు కురిపించే మంత్రగత్తె, చెల్లెలు గాయాలు మాన్పేది. గంటలకొద్దీ ఆడాక వేళ్లకు అలవాటైపోతుంది: దాడి చేయాలంటే వెరోనికా పేరు మీదికి, ప్రాణం నింపాలంటే సెరీనా పేరు మీదికి. కథ సగంలో లోకం కూలిపోతుంది, బృందం చెదిరిపోతుంది. ఒక్కొక్కరే తిరిగి కలుస్తుంటే జాబితాలో వెరోనికా గడి ఖాళీగానే ఉంటుంది. ఆమె అందరినీ కాపాడి తను చనిపోయిందని తర్వాత తెలుస్తుంది. ఆ రాత్రి సెరీనా తన పొడవాటి జుట్టు కోసేసుకుంటుంది. అక్క శక్తులు ఆమెకు సంక్రమిస్తాయి. మరుసటి యుద్ధంలో సెరీనా మెనూ తెరిస్తే, గాయాలు మాన్పే మంత్రాల పక్కన అక్క మంత్రాలు. ఎవరూ ఏడవరు, సంగీతం ఉప్పొంగదు. ఒట్టి జాబితా అది. ముప్పై ఏళ్లుగా ఆ జాబితా అలాగే ఉంది కాబట్టే, ఆ మంత్రాలు ఇన్నాళ్లూ ఎవరివో నా వేళ్లకు తెలుసు కాబట్టే, అక్కడ దుఃఖం కమ్ముకొచ్చింది.

అయితే అన్నీ కాపాడాల్సినవని అనను. నాయకుడి మౌనం చిన్న చుక్కల బొమ్మకు నప్పింది. 11 ఇంగ్లిష్ కూర్పులో మిగతా ముఖ్యపాత్రలకు గొంతులున్నాయి, కెమెరా ముఖం దగ్గరికి వస్తుంది. సొంత ఊరు నేలమట్టమైనా అతను గుడ్లప్పగించి చూస్తుంటే కొయ్యబారినట్టుంటుంది. ఆడపాత్రల ఒంటి మీద కన్నేసే పాత హాస్యాన్ని ఈ పాటికి వదిలేసి ఉండాల్సింది. దానివల్ల ఈ ఆట స్వభావానికి ఒరిగేదేమీ లేదు.

2021 మేలో 12వ భాగాన్ని ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరులో సుగియామా, 2024 మార్చిలో తోరియామా కన్నుమూశారు. కథ, సంగీతం, బొమ్మలు సమకూర్చిన ఆ ముగ్గురిలో ఇక మిగిలింది హోరీ ఒక్కడే. ఆ బాణీని, ఆ నవ్వును వేరే చేతులు ఎలా నిలబెడతాయన్నది నాకు నిజంగా బెంగ.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: 11లో పేరులో ఎస్ అని ఉన్న కూర్పు తీసుకోండి. జపాన్ బయట మొదట వచ్చిన కూర్పులో కంప్యూటర్ వాయించిన సంగీతం చెవికి పేలవంగా ఉండేది, ఎస్‌లో నిజమైన ఆర్కెస్ట్రా వినిపిస్తుంది. పాతకాలపు చుక్కల బొమ్మల రూపంలోనూ ఆడొచ్చు, కాకపోతే మధ్యలో రూపం మార్చితే ఆ అధ్యాయం మొదటి నుంచి ఆడాలి. తెలుగులో దొరకదు, ఇంగ్లిష్‌లోనే చదువుకోవాలి. ఆ ఇంగ్లిష్ అనువాదం కూడా సరదాగానే ఉంటుంది, హొట్టో అనే ఊళ్లో జనం హైకూల్లో మాట్లాడతారు. మొదట్లోనే కష్టతరమైన నియమాలు ఎంచుకోమని ఒక పట్టిక అడుగుతుంది. అందులో రాక్షసులను బలపరిచే నియమం పెట్టుకోండి. లేకపోతే సగం ఆట మరీ సులువైపోతుంది, దుకాణంలోని ఆ కత్తి కోసం ఆరాటపడే అవసరమే రాదు. ఆ పట్టిక ఆట మొదట్లోనే వస్తుంది, తర్వాత దొరకదు.