ప్రింటర్ జోలికి పోని రిపేరు

లినక్స్ కంప్యూటర్లో ప్రింట్ ఇచ్చినా కాగితం రాకపోతే మన చేయి ముందు ప్రింటర్ మీదికే పోతుంది. మూత తీస్తాం, కేబుల్ పీకి పెడతాం. పని తెలిసిన సిస్టమ్ అడ్మిన్ దాని జోలికే పోరు. ప్రింట్ పనులన్నీ చూసుకునే ‘కప్స్’ సర్వీసు అసలు లేచిందో లేదో ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కప్స్’ కొట్టి చూస్తారు. ‘ఫెయిల్డ్’ అని ఎర్రగా కనిపించినా కంగారుపడి రీస్టార్ట్ మీద రీస్టార్ట్ కొట్టరు. సర్వీసుల సందేశాలు నమోదయ్యే ‘జర్నల్’ తెరిచి చివరి వరసలు నింపాదిగా చదువుతారు. 631 పోర్టును ఇంకో ప్రోగ్రామ్ పట్టుకు కూర్చుందా? డిస్కు నిండిపోయిందా? సెట్టింగుల ఫైల్లో తప్పు దొర్లిందా? ‘కప్స్‌డీ మైనస్ టీ’ అంటే చాలు, సర్వీసును కదపకుండానే ఆ ఫైలు పరీక్ష అయిపోతుంది. తప్పు అక్కడే ఉందని తేలితే ఫైలుకు నకలు తీసి పెట్టుకుని, ఎవరో తెరిచి మూయడం మరిచిన ‘లొకేషన్’ భాగం కింద మూసే వరస ఒక్కటి చేరుస్తారు. మిగతా దేన్నీ ముట్టుకోరు. ఇప్పుడు ఒక్కసారి స్టార్ట్ చేస్తే సర్వీసు లేస్తుంది, క్యూలో ఆగిన హాల్ టికెట్లు, రసీదులు వరసగా బయటికొస్తాయి. ఊహించకుండా అడిగి తెలుసుకోవడం, ఒకసారికి ఒక్కటే మార్చడం: ఈ పనితనం వల్లే ఆఫీసుకు కొత్త ప్రింటర్ ఖర్చు, కౌంటర్ దగ్గర మనకు ‘రేపు రండి’ అనే మాట రెండూ తప్పుతున్నాయి.