తడిక గోడకి మట్టి మెత్తేవాళ్ళు

కర్ర ఇల్లు అనగానే వడ్రంగి గుర్తొస్తాడు. ఆ ఇంటిని ఏళ్ళ తరబడి నిలబెట్టేది మాత్రం మట్టి మెత్తే ఆడవాళ్ళని నా గట్టి నమ్మకం.

కర్రపని చూడ్డానికి దర్జాగా ఉంటుంది. నిట్రాళ్ళు పాతి, పంగల్లో దూలం కూర్చి, వాసాలు దించి, పెండెలు కట్టేసరికి ఇల్లు లేచినట్టే. కప్పు బరువంతా కర్రదే. శ్రీకాకుళం, విజయనగరం పల్లపు ఊళ్ళలో ఆ కర్ర చాలావరకు తాడి. మామూలు చెట్టుకి చేవ నడిమిన ఉంటే తాడికి అంచున ఉంటుంది. లోపలి మెత్తటి భాగం తీసేసి, నల్లటి అంచునే దూలాలకీ వాసాలకీ చెక్కుతారు. లేత తాడి పనికిరాదు. ముదురు తాడి వాసం తడి తగలకపోతే ఒక తరం వేసింది మరో తరానికి పనికొస్తుంది.

ఆ తడి తగలనివ్వకుండా చూసేవి చూరూ, గోడా. గుంజల మధ్య వెదురు బద్దల తడిక కట్టి, గడ్డిముక్కలు కలిపి నానబెట్టి తొక్కిన మట్టిని రెండువైపుల నించీ అదుముతారు. లోపలి మట్టీ బయటి మట్టీ అల్లిక సందుల్లో కలిసి బిగుసుకుంటాయి. మొదటి పూత ఎండి బీటలు వారాలి. ఆ బీటల్లోకి మెత్తటి మట్టీ, పేడా కలిపిన రెండో పూత దిగుతుంది. "తడారకండా రెండో పూత ఎయ్యకు బాబూ, మొత్తం రాలిపోద్ది" అని ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. సంక్రాంతి ముందు ఏటా అలికేటప్పుడు ఈ ఆడవాళ్ళ చెయ్యి గోడంతా తడుముతుంది. చెదపుట్ట ఎక్కడ లేస్తోందో, గుంజ మొదలు ఎక్కడ మెత్తబడిందో ముందు తెలిసేది వాళ్ళకే.

జర్మనీ పాత పట్టణాల్లో ఓక్ కర్ర చట్రాల మధ్య కూడా పుల్లల అల్లికా, గడ్డి కలిపిన మట్టే. వందల ఏళ్ళుగా నిలిచిన ఆ ఇళ్ళలో కొన్నింటికి సిమెంటు పూసి మరమ్మతు చేస్తే, చెమ్మ లోపలే చిక్కుకుని కర్ర కుళ్ళింది. మన ఊళ్ళలోనూ మట్టిగోడ మీద సిమెంటు పూయించి శాశ్వతమైపోయిందనుకుంటున్నారు. ఏటా అలికే చాకిరీ తప్పుతుందన్న ఆశ నాకు అర్థమవుతుంది. కానీ సిమెంటు కింద చెదలు తిరుగుతుంటే కనిపెట్టేదెవరు?

సముద్రం ఒడ్డున మరో పద్ధతి ఉంది, చుట్టిల్లు. గుండ్రటి మందపాటి మట్టిగోడ, వంగి దూరేంత కిందికి దిగిన తాటాకు చూరు. గాలి నిలదీసి కొట్టడానికి బల్లపరుపు గోడే ఉండదు. కచ్‌లో ఇలాంటి గుండ్రటి ఇళ్ళే, భుంగాలు, 2001 భూకంపాన్ని చాలాచోట్ల తట్టుకున్నాయి.

అయినా 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక, పూరింట్లో పడుకోమని ఎవరికైనా ఎలా చెప్పగలం? తుపాను నాడు పక్కా కట్టడంలోకే పోవాలి. వేసవిలో నిప్పు భయం సరేసరి. అందుకే కొన్ని ఇళ్ళలో లోగది మీద తాటి దూలాలు పరిచి మట్టి అటక వేశారు, పైకప్పు అంటుకున్నా కింద గింజలూ బట్టలూ దక్కాలని.

సీతంపేట కొండల్లో సవరల ఇళ్ళు బారుగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. ఆ బొమ్మల్ని ఇప్పుడు కాగితం మీదా బట్ట మీదా కొంటున్నాం. బొమ్మకి ఇచ్చిన విలువ గోడకి ఇవ్వలేదు.

ఇళ్ళ పథకాల అంచనాల్లో ఇటుక, సిమెంటు, ఇనుము లెక్కలుంటాయి. కొండ ఊళ్ళలో కోరుకున్నవాళ్ళకైనా రాతి పునాదీ, నేల తగలకుండా రాయి మీద నిలిపిన గుంజలూ, మంటకి ఓర్చే కప్పూ, తడిక గోడా ఉన్న నమూనా ఒకటి చేర్చాలి. మట్టి మెత్తే ఆడవాళ్ళకి మేస్త్రీ కూలి కట్టివ్వాలి, కూలి మనిషి కూలి కాదు.