అందరి పాలూ ఉన్న తాళంచెవి

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి సమయంలో సహాయ బృందాల రేడియోలు టవర్లతో పనిలేకుండా ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోగలగాలి. కానీ ఆ మాటలు గాలిలో పోతాయి. రిసీవరు ఉన్నవాళ్లెవరైనా వినొచ్చు. బయటివాళ్లకు అర్థం కాకూడదంటే బృందం మొత్తానికీ ఒకే రహస్య కీ ఉండాలి. దాన్ని పంచిపెట్టే పెద్ద ఎవరూ లేనప్పుడు ఎలా? అందరూ తలా కొంత వేసి కలిసి తయారు చేసుకోవచ్చని క్రిప్టోగ్రఫీ చెబుతుంది.

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ఇద్దరు మనుషులకు సరిపడే పద్ధతి చూపారు. చిన్న అంకెలతో చేసి చూద్దాం. 5, 23 అందరికీ తెలిసిన సంఖ్యలు. రమ మనసులో 3 అనుకుంది. మూడు అయిదులను గుణిస్తే 125. 23తో భాగిస్తే శేషం 10. ఆ 10ని అందరూ వినేలా చెప్పింది. రవి 7 అనుకున్నాడు. ఏడు అయిదులను గుణించి భాగిస్తే శేషం 17, అదీ బయటికే చెప్పాడు. రమ 17ను తన 3 సార్లు, రవి 10ని తన 7 సార్లు గుణించి 23తో భాగించారు. ఇద్దరికీ 14 వచ్చింది. పక్కన విన్నవాడికి తెలిసింది 10, 17 మాత్రమే. ఇక్కడ కాగితం మీద వెనక్కి లెక్క కట్టొచ్చు గానీ, నిజంగా వాడే సంఖ్యల్లో ఆరువందలకు పైగా అంకెలుంటాయి. అప్పుడు శేషం నుంచి మనసులోని సంఖ్యను రాబట్టడం నేటి కంప్యూటర్ల తరం కాదు.

ఇప్పుడు సలీం వచ్చి చేరాడు. రమ, రవిలకు ఉమ్మడిగా ఉన్న 14ను ఒక్కరి రహస్యంలాగే వాడాలి. పద్నాలుగు అయిదులను గుణిస్తే మిగిలే శేషం 13; దాన్ని బయటికి చెబుతారు. సలీం తన 8తో లెక్క కట్టి 16 చెబుతాడు. ముగ్గురూ చివరికి 2 దగ్గర కలుస్తారు. అందులో ముగ్గురి పాలూ ఉంది.

ఈ జతలను జతలతో కలుపుతూ పోతే చెట్టు ఏర్పడుతుంది. యాంగ్‌డే కిమ్, ఏడ్రియన్ పెరిగ్, జీన్ సుడిక్ 2000లో ఇచ్చిన పద్ధతి ఇదే. 1,024 మంది ఉన్నా మెట్లు పదే. ఒకరు వెళ్లిపోతే మిగిలినవాళ్లలో ఒకరు తన రహస్యాన్ని మార్చుకుని, తన కొమ్మ నుంచి వేరు దాకా ఉన్న ఆ మెట్లను కొత్తగా లెక్కిస్తే చాలు. వెళ్లినవాడి పాత కీ ఇక పనికిరాదు. అంతకుముందు 1994లో బర్మెస్టర్, డెస్మెట్ ఇచ్చిన పద్ధతి రెండే విడతల్లో ముగుస్తుంది, ఒకరు పలికితే అందరూ వినే రేడియోకు అది ముచ్చటగా సరిపోతుంది. అయితే ప్రతి ఒక్కరి మాటా అందరికీ చేరాలి. సిగ్నలు తెగిపోయే చోట అదే చిక్కు. ఎవరైనా చేరినా, వెళ్లినా మళ్లీ మొదటికి రావాలి. బ్యాటరీని, గాలిలో సమయాన్ని పొదుపుగా వాడుకోవాల్సిన వైర్‌లెస్‌లో ఏ పద్ధతికైనా ఇలాంటి బేరీజు తప్పదు.

లెక్క ఎంత గట్టిదైనా, ఆ 10 చెప్పింది రమేనని తేల్చుకోకపోతే అంతా వృథా. మధ్యలో దూరినవాడు రమకు రవిగా, రవికి రమగా నటించి ఇద్దరితోనూ వేరువేరు కీలు కుదుర్చుకోగలడు. అందుకే ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉండి తీరాలి.

ఇంటి వైఫైలో గ్రూపు కీని రూటరే తయారుచేసి అందరికీ ఇస్తుంది. రూటరు శత్రువు చేతిలో పడితే ఆ కీ కూడా పడినట్టే. కలిసి చేసుకున్న కీకి అలాంటి ఒంటి స్తంభం లేదు. ఏ ఒక్కరూ తమకు నచ్చిన కీని మిగతావారి మీద రుద్దలేరు. ఈ విద్య విలువంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. 2023 జులైలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ప్రచురించిన గ్రూపు సందేశాల ప్రమాణం ఎంఎల్ఎస్ కూడా చెట్టు ఆలోచన మీదే నిలబడింది. రేపు పెద్ద క్వాంటం కంప్యూటర్లు వస్తే డిఫీ, హెల్‌మన్‌ల లెక్క చెల్లదు. దాని స్థానంలో నిలిచే కొత్త గణితానికి 2024లోనే అమెరికా ప్రమాణాలు వచ్చాయి. గణితం మారినా రెండు నియమాలు మారకూడదు: రహస్యంలో అందరికీ పాలుండాలి, వెళ్లినవాడి వెనకే తాళం మారాలి.